మంచు పడని రాత్రి కూడా పార్కింగ్ నిషేధమా? కారు టో చేయడం న్యాయమేనా?

బెజవాడ కుర్రాడు:
అందరికీ నమస్కారం. అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను, ఇదే నా మొదటి చలికాలం. ఊరి పేరు రాయను. గతవారం తెల్లవారి కిందికి దిగేసరికి కారు లేదు. ఎవరో కొట్టేశారనుకుని కాళ్లూ చేతులూ ఆడలేదు. మెయిన్ రోడ్డు కాబట్టి, మంచు తీసే బళ్లకి దారి ఉండాలని చలికాలమంతా రాత్రి మూడు నుంచి ఏడు వరకు అక్కడ ఆపకూడదట, టో చేశారు, అంటే సిటీ వాళ్లే లాక్కెళ్లారు. స్తంభానికి బోర్డు ఉంది, నేనే చూసుకోలేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ రాత్రి చినుకంత మంచు కూడా పడలేదు, రోడ్డు పొడిగా ఉంది. కారు విడిపించుకోవడానికి నెల కిరాణా డబ్బులు పోయాయి. చికాగోలోనూ ఇంతేనంటున్నారు, నిజమేనా?

చికాగో పాతకాపు:
నిజమే తమ్ముడూ. ఇక్కడ రెండు రూల్స్ ఉన్నాయి. 107 మైళ్ల ముఖ్య రోడ్ల మీద డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 1 వరకు రాత్రి 3 నుంచి 7 దాకా నిషేధం, మంచుతో సంబంధం లేదు. ఇంకో 500 మైళ్ల రోడ్ల మీద రెండు అంగుళాల మంచు పడితేనే. దొరికితే టోయింగ్‌కి కనీసం 150 డాలర్లు, జరిమానా టికెట్ 60, పైగా లాక్కెళ్లిన కార్లు పెట్టే సిటీ లాట్‌లో ఉంచినందుకు రోజుకి 25.

అయినా నేను తేదీ రూలు వైపే. 1979 జనవరి తుఫానప్పుడు వీధులు సరిగ్గా శుభ్రం చేయించలేదన్న కోపంతో, మేయర్ బిలాండిక్‌ని ఆయన పార్టీ ఓటర్లే ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓడించి జేన్ బర్న్‌ని గెలిపించారు. మంచు ఇక్కడ అంత పెద్ద విషయం.

2011 ఫిబ్రవరిలో 21 అంగుళాలు పడిన రాత్రి మా పక్కింటి పెద్దావిడకు గుండెనొప్పి వచ్చింది. వీధికి రెండు వైపులా కార్లు, మధ్యలో మోకాటిలోతు మంచు. అంబులెన్సు మలుపు దగ్గరే ఆగిపోయింది. నలుగురం స్ట్రెచర్ పట్టుకుని నడిచాం. అడుగు తీసి అడుగు వేయడానికి ఎంతసేపు పట్టిందో, ఆవిడ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో ఇప్పటికీ గుర్తే. ఆవిడ బతికింది. తుఫాను రాత్రి రెండింటికి మొదలైతే ఎవరిని నిద్రలేపి కార్లు తీయిస్తారు? మెయిన్ రోడ్లయినా ముందే ఖాళీగా ఉండాలి.

సెకండ్ షిఫ్ట్ నర్సు:
అన్నా, మీరు చెప్పింది చదివి మనసు కలుక్కుమంది. కానీ నేను డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి రాత్రి ఒంటిగంట. మెయిన్ రోడ్డు మీద ఆపకూడదు. పక్క వీధుల్లోకి వెళ్తే, మంచు తవ్వి చేసుకున్న చోట్లలో విరిగిన కుర్చీలు, ఇస్త్రీ బల్లలు అడ్డం పెట్టి ఉంటాయి. ఇక్కడివాళ్లు ‘డిబ్స్’ అంటారు, చట్టంలో లేకపోయినా ఆ కుర్చీ జరిపితే గొడవే. నాలుగు బ్లాకుల అవతల ఆపి, గడ్డకట్టిన ఫుట్‌పాత్ మీద ఒంటరిగా నడిచి వస్తాను. పోయిన జనవరిలో జారిపడి మణికట్టు విరిగింది. గ్యారేజీ ఉన్నవాళ్లకు ఈ రూలుతో పనే లేదు. భారమంతా అద్దె ఇళ్లవాళ్ల మీదే పడుతోంది.

మినియాపోలిస్ మావయ్య:
మా దగ్గర తేదీ కాదు, మంచు పడితే సిటీ ‘స్నో ఎమర్జెన్సీ’ ప్రకటిస్తుంది. మొదటి రాత్రి 9 నుంచి ఉదయం 8 వరకు ముఖ్య రోడ్లు ఖాళీ చేయాలి. రెండో రోజు మామూలు వీధుల్లో సరి నంబరు ఇళ్ల వైపు, మూడో రోజు బేసి వైపు. ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. కొత్తవాళ్లు మొదట్లో తికమకపడతారు కానీ వీధి రెండు వైపులా శుభ్రమవుతుంది. ఒక్క మాట ఒప్పుకోవాలి, 2023 జనవరికి మంచు పేరుకుని వీధులు ఇరుకైపోతే, ఇక్కడా కొన్నాళ్లు ఒక వైపు పార్కింగ్ పూర్తిగా ఆపేశారు.

మాంట్రియల్ నుంచి:
మా ఊళ్లో మంచు తీసే ముందు వీధిలో నారింజ రంగు బోర్డులు పెడతారు, టో బండి సైరన్ మోగిస్తూ వస్తుంది. ఆ శబ్దానికి కోట్లు తగిలించుకుని జనం కిందికి పరుగెత్తడం నేను చాలాసార్లు చూశాను. తీయని కారుని మామూలుగా దగ్గర్లోని ఇంకో వీధికి చేరుస్తారు, ఎక్కడుందో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. జరిమానా తప్పదు, కానీ ఊరవతల లాట్‌కి వెళ్లి బతిమాలక్కర్లేదు.

చికాగో పాతకాపు:
ఈ పద్ధతి బాగుంది. నాకు కావాల్సింది రోడ్డు ఖాళీ అవడం, ఎవరి జేబూ ఖాళీ అవడం కాదు. తేదీ రూలు మాత్రం వదలను. కానీ పొడి రాత్రి దొరికిన కారుకి మొదటిసారి హెచ్చరిక చాలు, తీయాల్సి వస్తే పక్క వీధికే తీయాలి. మా వార్డు ఆల్డర్‌మన్ (కౌన్సిలర్) ఆఫీసుకి ఈ వారమే రాస్తాను. ఎవరైనా సంతకం పెడతారా?

బెజవాడ కుర్రాడు:
నేను మీ ఊరివాణ్ని కాదు కాబట్టి నా సంతకం చెల్లదన్నా. అదే ఉత్తరం మా ఊరికి తగ్గట్టు మార్చి నేనూ పంపిస్తాను.

సెకండ్ షిఫ్ట్ నర్సు:
నేను పెడతాను. ఇంకో మాట కూడా చేర్చండన్నా. మా వీధి చివర స్కూలు పార్కింగ్ లాట్ రాత్రంతా ఖాళీ, గేటుకి గొలుసు వేసి ఉంటుంది. మంచు నెలల్లో రాత్రి పది నుంచి పొద్దున్న ఏడు వరకు ఆ గొలుసు తీయమని అడగండి.