భజన అయినంక మెచ్చుకుంటే ఏమనాలె?

ప్రశ్న: వరంగల్ భద్రకాళి గుడిల శాకంబరీ ఉత్సవాలప్పుడు (అమ్మవారిని కూరగాయలతోటి అలంకరించే పండుగ) భజన పాడినంక ఎవరన్నా "మంచిగ పాడినవ్" అంటే ఏమనాలె? "నాకేం రాదు" అంటే అబద్ధం, ఊకుంటే గర్వమనుకుంటరు.

జవాబు 1: వాళ్ల మాట మధ్యల కొయ్యకు. పూర్తిగ విని, నమస్తే పెట్టి "సంతోషమన్నా, అమ్మవారి దయ" అను. అంతే. "నాదేముంది" అని పదేపదే అంటే వాళ్లు మళ్ల పొగడాల్సొస్తది. అది ఇంకో పొగడ్త అడుక్కున్నట్టే.

జవాబు 2: ఇంకోటి. డోలక్, హార్మోనియం, తాళాలోళ్లను అక్కడ్నే పేరుపెట్టి చెప్పాలె. "అంతా అమ్మే" అని ఊకుంటే పక్కన చేతులు వాచిపోయేలా వాయించిన తమ్ముని కష్టం ఎవరికీ కనబడదు.

జవాబు 3: శ్రుతి తప్పిన చోటు మెచ్చుకున్నోళ్ల ముందట చెప్పకు, గురువును అడుగు. శాలువా కప్పితే వద్దనకు. పంతులుతోటి అమ్మవారి పాదాల కాడ పెట్టించి ఇంటికి తీస్కపో.