1922 నాటి డిటెక్టివ్ నవల అనువాదం: ఈ మాటలకు తెలుగు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. ఏ.ఏ. మిల్న్ రాసిన ‘ది రెడ్ హౌస్ మిస్టరీ’ని మా అమ్మమ్మ కోసం తెలుగు చేస్తున్నాను. ఆవిడకు డిటెక్టివ్ నవలలంటే ప్రాణం, ఇంగ్లీషు రాదు.

ఇంగ్లండ్ పల్లెలో పెద్ద బంగళా, ఎండాకాలం మధ్యాహ్నం. పూలమీద తేనెటీగల రొద, దూరంగా గడ్డి కోసే యంత్రం చప్పుడు. ఆ కునుకుపాటులోనే తుపాకీ పేలుతుంది. తర్వాత డిటెక్టివ్ పాత్ర పోషించే ఆంటనీ వచ్చేసరికి, ఇంటి యజమాని బంధువు కేలీ తాళం పడిన గది తలుపు బాదుతుంటాడు. తర్వాత ఇద్దరూ ఇల్లు చుట్టి కిటికీ దగ్గరికి పరిగెత్తుతారు, అదీ దూరపు దారిలో! ఈ చిన్న విషయం చదివే వాళ్ల మనసులో నాటుకోవాలి. నా వాక్యంలో అది తేలిపోతోంది, అదే నా టెన్షన్.

రెండోది, లైబ్రరీ నుంచి ‘బౌలింగ్ గ్రీన్’కి రహస్య మార్గం ఉంటుంది. అలాగే ఉంచితే అమ్మమ్మ క్రికెట్ అనుకుంటుంది. నున్నటి పచ్చిక మీద బంతులు దొర్లించే ఆట అది. ‘బంతుల పచ్చిక’ అంటే బాగుంటుందా?

ఇంకోటి, పనిమనిషి ఆడ్రీ యజమానిని ‘అయ్యగారు’ అనాలా, ‘దొరగారు’ అనాలా? ‘దొరగారు’ అంటే మన జమీందారు ఇల్లు గుర్తొస్తుందేమోనని ఆగాను. ఆంటనీ, బిల్ స్నేహితులు కాబట్టి ‘నువ్వు’ అనే రాశాను.

అనువాదం చేసిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. నవల చదివినవాళ్లు హంతకుడి పేరు మాత్రం ఇక్కడ రాయకండి, అమ్మమ్మకు ఈ జవాబులు కూడా చదివి వినిపిస్తాను.