ఫాల్మత్ శిబిరంలో సిపాయిలు రాసిన ఉత్తరాలు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. అమెరికా అంతర్యుద్ధంలో, 1862 డిసెంబరులో ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఓడిన ఉత్తరాది సైన్యం ఆ చలికాలం వర్జీనియాలోని ఫాల్మత్ చుట్టుపక్కలే గడిపింది. దుంగల గుడిసెలు, సందుల్లో మెత్తిన బురద, పైన గుడారం గుడ్డ. రాయిలాంటి బిస్కెట్‌ను వేడి కాఫీలో వేస్తే పురుగులు పైకి తేలేవట, వాటిని తీసేసి తాగేవాళ్లట. ఇదంతా చదివాను. నాకు కావలసింది వాళ్ల మనసులో మాట.

1863 జనవరి 1న లింకన్ బానిస విముక్తి ప్రకటన వెలువడితే కొందరు సిపాయిలు సంతోషించారు, ఇంకొందరు తాము దేశం ముక్కలవకుండా చూడ్డానికే వచ్చామని మండిపడ్డారు. ఒకే గుడిసెలో పక్కపక్కన పడుకునేవాళ్లు దీని గురించి ఏం మాట్లాడుకున్నారో తెలుసుకోవాలని చాలా ఆత్రంగా ఉంది. మామూలు సిపాయిల ఉత్తరాలు, డైరీలు ఉచితంగా చదవగలిగే చోటు తెలిస్తే దయచేసి చెప్పండి. ఆనాటి చేతిరాత చదవడం వచ్చినవాళ్లుంటే, ఎలా మొదలుపెట్టాలో కూడా చెప్పండి.