తొట్టి గోడకు తెల్లటి నురగ ముద్ద: కప్ప గుడ్లేనా? తొట్టి ఖాళీ చేయవచ్చా?

పెరటితోట:
పెరట్లో మూడడుగుల లోతు సిమెంటు తొట్టి, సగానికి వాన నీళ్లు. నీటికి జానెడు పైన లోపలి గోడకు పిడికెడంత తెల్లటి నురగ అంటుకుని ఉంది. నిన్నటి నుంచి పైన గోధుమరంగు పొర కడుతోంది, పాడైపోయిందా? దోమలు పెరుగుతాయని ఇంట్లోవాళ్లు తొట్టి కడిగేయమంటున్నారు. పక్క పొలం గుంటలో పచ్చటి పసుపు రంగు కప్పలు కూడా ఒక్కసారిగా కనిపించాయి. అవి విషపువా? ఇంట్లో కుక్క ఉంది.

చెరువుగట్టు:
పాడవలేదండీ, కడగకండి. అది చెట్టుకప్ప గూడు. శాస్త్రనామం పాలిపిడేటిస్ మాక్యులేటస్. స్నానాల గది గోడకు అతుక్కుని కనిపించే లేత గోధుమరంగు కప్ప ఇదే. వేళ్ల చివర గుండ్రటి బిళ్లలుంటాయి, తొడల వెనక పసుపు చుక్కలుంటాయి. ఆడకప్ప తాను వదిలే జిగురును వెనక కాళ్లతో గిలక్కొట్టి నురగ చేసి అందులో గుడ్లు పెడుతుంది. పైపొర ఎండితేనే లోపలి తడి నిలుస్తుంది కాబట్టి రంగు మారడం మంచి గుర్తు. కుళ్లు వాసన వస్తే మాత్రం గుడ్లు పోయినట్టే. సాధారణంగా వారంలోపు తోకకప్పలు తయారై, నురగ అడుగు మెత్తబడగానే కింది నీళ్లలోకి జారతాయి.

ఈ వారం రోజులూ నీటిమట్టం నురగను తాకకూడదు. మునిగితే లోపలి గుడ్లకు గాలి అందదు. పెద్ద వాన పడితే మగ్గుతో నీళ్లు తోడి మట్టం తగ్గించండి. మధ్యాహ్నం ఎండ నేరుగా పడే చోటైతే తొట్టి మీద ఓ పక్కకు గోనెసంచి కప్పండి.

తొట్టి తప్పనిసరిగా కావాలంటే గూడును మార్చవచ్చు. తడిపిన పలచటి ప్లాస్టిక్ రేకును గోడకీ నురగకీ మధ్య నెమ్మదిగా దూర్చి, ముద్ద మొత్తం ఒకేసారి లేపండి. ముక్కలైతే లోపలి తడి ఆరిపోతుంది. వెడల్పాటి టబ్బులో ఆరేడు అంగుళాల నీళ్లు పోసి, పైన రెండు పుల్లలు అడ్డంగా పెట్టి, వాటి మీద ముద్దను ఉంచండి. నీళ్లు ఆ తొట్టివే వాడండి. కుళాయి నీళ్లయితే ఒక రోజంతా వెడల్పు పాత్రలో ఆరుబయట పెట్టి, క్లోరిన్ పోయాక పోయండి. బ్లీచింగ్ కలిసిన నీళ్లలో తోకకప్పలు బతకవు.

వరిమడి:
పసుపు కప్పలు బోదురుకప్పలండీ, హోప్లోబాట్రాకస్ టైగరినస్. తొలి పెద్ద వానలకు మగవాటి ఒళ్లు నిమ్మపండు రంగుకు మారుతుంది, గొంతు కింది సంచులు నీలంగా ఉబ్బుతాయి. జతకట్టే రోజులు అయిపోగానే మళ్లీ ఆకుపచ్చ, గోధుమ రంగుల్లోకి వస్తాయి. విషం లేదు. పొలంలో పురుగుల్ని, ఎలుక పిల్లల్ని కూడా తింటాయి, వాటి జోలికి పోకండి. వీటి కాళ్ల కోసమే ఒకప్పుడు టన్నులకొద్దీ ఎగుమతి జరిగేది. 1987లో దేశం దాన్ని ఆపేసింది.

ఒక జాగ్రత్త. గుంటలోని తోకకప్పల్ని తెచ్చి మీ తొట్టిలో వేయకండి. బోదురుకప్ప తోకకప్పలు మాంసం తింటాయి, చెట్టుకప్ప పిల్లల్ని మిగల్చవు. అండమాన్ దీవులకు ఈ కప్ప బయటి నుంచి చేరి, అక్కడి కప్పల పిల్లల్ని ఇలాగే తినేస్తోంది.

కుక్క విషయంలో చూడాల్సింది గోదురుకప్పను. గరుకు చర్మం, కంటి వెనక కిడ్నీ ఆకారంలో ఉబ్బిన గ్రంథి ఉంటాయి. కుక్క నోట కరిస్తే ఆ గ్రంథి నుంచి తెల్లటి పాలలాంటి విషం వస్తుంది. వెంటనే కుక్క తల కిందికి వంచి, నోటి పక్క నుంచి బయటికి పారేలా నీళ్లు పోయండి, గొంతులోకి పోనివ్వద్దు. తడిగుడ్డతో చిగుళ్లు తుడవండి. చొంగ కాసేపు కారి ఆగిపోతే భయం లేదు. తూలినా, వణికినా పశువుల డాక్టరు దగ్గరికి ఆలస్యం చేయకుండా తీసుకెళ్లాలి. మనుషులు ముట్టుకుంటే పులిపిర్లు రావు, చేతులు కడిగే దాకా కళ్లు నులుముకోకపోతే చాలు.

పెరటితోట:
చాలా థాంక్సండీ. దోమల కోసం గాంబూసియా చేపలు వేయమని ఒకరు చెప్పారు. వేయవచ్చా?

చెరువుగట్టు:
వద్దు. ఆ చేపలు కప్ప గుడ్లనూ చిన్న తోకకప్పలనూ కూడా తింటాయి. చెట్టుకప్ప పిల్లలు దోమ లార్వాల్ని తినేస్తాయని కూడా నమ్ముకోకండి, వాటి తిండి ఎక్కువగా పాచి. దోమ గుడ్డు నుంచి ఎగిరే దాకా పది రోజులు చాలు, ఈ కప్పకు దాదాపు రెండు నెలలు. కాబట్టి ఇప్పుడే నురగతో సహా తొట్టి నోటికి దోమతెర బిగించి, చుట్టూ తాడు కట్టండి. ముందు పడిన గుడ్ల నుంచి పుట్టిన దోమలు లోపలే ఉండిపోతాయి, కొత్తవి చేరవు.

గోడల మీది పాచి గీకేయకుండా ఉంచండి. చాలకపోతే ఉడికించిన పాలకూర గోరంత ముక్క రోజు విడిచి రోజు వేయండి. మిగిలింది సాయంత్రానికల్లా తీసేయాలి, లేదంటే నీళ్లు చెడి పిల్లలు పైకి తేలి గాలి మింగుతుంటాయి. అలా కనిపిస్తే మూడో వంతు నీళ్లు మార్చండి, మొత్తం ఒకేసారి వద్దు.

ముందుకాళ్లు బయటికి రాగానే తిండి మానేసి తోకను కరిగించుకుంటాయి. ఊపిరితిత్తులతో గాలి పీల్చే దశ అది, నిలబడే చోటు లేకపోతే మునిగి చస్తాయి. అప్పటికి ఓ కొమ్మను నీళ్లలోంచి తొట్టి అంచు దాకా ఏటవాలుగా వేసి, చీకటి పడ్డాక దోమతెర తీసేయండి. పగలు తీస్తే కాకులకు దొరుకుతాయి.