ప్రాణహిత ఒడ్డున శిలాజాలు వెతకడానికి వెళ్తున్నాం, తెలిసినవాళ్లు చెప్పండి

సంక్రాంతి సెలవుల్లో ఏడుగురం హైదరాబాద్ నుంచి కాళేశ్వరం వెళ్లి, వంతెన దాటి మహారాష్ట్రలోని సిరొంచ వైపు ప్రాణహిత ఒడ్డున ఒక రోజంతా శిలాజాలు వెతుకుదామనుకుంటున్నాం. బిర్లా సైన్స్ మ్యూజియంలోని కోటసారస్ అనే డైనోసార్ ఎముకలు ఈ ప్రాణహిత-గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గరే దొరికాయి కదా, అది చూసినప్పటి నుంచి మావాళ్లకి ఇదే పిచ్చి.

పోయినసారి నేనొక్కణ్నే వెళ్తే చెక్కలా చారలున్న బరువైన రాయి ఒకటి కనబడింది, గోకితే నా గోరే అరిగింది గానీ పొడి రాలలేదు. అది రాయిగా మారిన చెట్టేనా, ఉత్త రాయా, ఎలా తేల్చుకోవాలి? అనుమతి ఎవరిని అడగాలి? (ఏదీ ఇంటికి తేం, ఫొటోలే.) జనవరికి నీళ్లు తగ్గి ఒడ్డు తేలుతుందా, ఎండాకాలం దాకా ఆగాలా? మాలో ఒకాయనకి అరవై దాటాయి, అదే నా టెన్షన్.