పుంజు మేత ముట్టడం లేదు, మూలన ముడుచుకుని కూర్చుంటోంది. ఇంట్లో ఏం చేయొచ్చు?

ఖమ్మం కుర్రోడు:
అన్నలూ అక్కలూ, కొంచెం అర్జెంటు. మా నాటు పుంజు, డేగ రకం, వయసు రెండేళ్లుంటుంది, బాగున్నప్పుడు మూడున్నర కిలోలు తూగేది. మొన్న సాయంత్రం నుంచి మేత ముట్టడం లేదు. ఈకలు ఉబ్బించుకుని, మెడ లోపలికి లాక్కుని గోడ మూలన కళ్లు మూసుకుని తూగుతోంది. రెట్ట ఆకుపచ్చగా, మధ్యలో తెల్లగా, నీళ్లలా పడుతోంది. ఒళ్లు పట్టుకుంటే కాలిపోతోంది. మా నాయనమ్మ పసుపు, మిరియాలు, వెల్లుల్లి నూరి ఉండలు చేసి మింగించింది. మెడికల్ షాపులో అడిగితే జ్వరం మాత్ర సగం ముక్క వేయమన్నాడు, మల్టీవిటమిన్ చుక్కలు ఇచ్చాడు. పక్కింటాయన కాల్షియం టానిక్ తెచ్చిస్తే అదీ పట్టించాం. ఇప్పుడు ముందుకన్నా డల్ అయింది. పెట్టలు మూడూ బాగానే తిరుగుతున్నాయి. పశువుల ఆసుపత్రి మా ఊరికి దూరం, రేపు ఆదివారం కూడా. ఇది కొక్కెర తెగులేనా, అదే రాణిఖేత్ అంటారే, ఆ వైరస్ రోగం? ఇంకా ఏం పట్టించాలి?

బరి బాబాయ్:
ఆకుపచ్చ రెట్ట అంటే కొక్కెరే తమ్ముడూ, డౌటే లేదు. టెట్రాసైక్లిన్ గొట్టం మాత్ర ఒకటి విప్పి నీళ్లలో కలిపి పోసెయ్. తగ్గకపోతే ఊపిరి ఉండగానే కోసుకోవడం బెటర్.

గోదారి గట్టు:
కోసుకోవడం సంగతి పక్కన పెట్టండి బాబాయ్ గారూ. రోగమేంటో తెలియని కోడిని, అందులోనూ మందులు మింగిన కోడిని కూర వండుకునే పనేంటి?

తమ్ముడూ, ముందు నువ్వు పట్టించేవన్నీ ఆపు. పసుపు, మిరియాలు, విటమిన్, కాల్షియం, జ్వరం మాత్ర అన్నీ ఒక్క రోజులో పడితే ఆరోగ్యంగా ఉన్న కోడి కూడా మూలన కూర్చుంటుంది. ఒక్కొక్కటిగా చెప్తా.

ఒళ్లు కాలిపోవడం జ్వరం కాకపోవచ్చు. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 నుంచి 42 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 106, 107 దాకా ఉంటుంది. మన చేతికి ఎప్పుడు పట్టుకున్నా వేడిగానే తగులుతుంది. నమ్మకం లేకపోతే బాగున్న పెట్టని పట్టుకుని రెక్క కింద వేలు పెట్టి చూడు. కాబట్టి జ్వరం మాత్ర అక్కర్లేదు. ఇక ఒంటినొప్పుల మాత్రల జోలికి అసలే వెళ్లొద్దు, ముఖ్యంగా డైక్లోఫెనాక్. ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తినే రాబందులు కిడ్నీలు పోయి చచ్చాయి, అందుకే 2006లో పశువులకి దాని వాడకం ఆపేయించారు. కోడి కిడ్నీలకీ అది మంచిది కాదు.

ఆకుపచ్చ రెట్ట చూసి కొక్కెర అని తేల్చేయలేం. కోడి మేత మానేస్తే పేగులు ఖాళీ అవుతాయి, పైత్యం మాత్రం దిగుతూనే ఉంటుంది, అందుకే రెట్ట పచ్చగా పడుతుంది. తెల్లటిది దాని మూత్రం, కోడికి ఉచ్చ వేరుగా రాదు కదా. అంటే పచ్చ, తెలుపు రెట్ట వల్ల మనకి తెలిసేది ఒక్కటే, కడుపులోకి ఏమీ వెళ్లడం లేదని. ఎందుకు వెళ్లడం లేదన్నది వెతకాలి. కొక్కెరైతే సాధారణంగా ఒక్కదానితో ఆగదు, మందలో ఒకదాని తర్వాత ఒకటి పడిపోతాయి, నోరు తెరిచి ఎగపోస్తాయి, కొన్నింటికి మెడ వంకర తిరుగుతుంది, కాళ్లు రెక్కలు చచ్చుబడతాయి. నీ పెట్టలు బాగున్నాయంటున్నావు కాబట్టి వేరే కారణాలు కూడా చూద్దాం.

కాల్షియం పుంజుకి వద్దు. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో 3.5, 4 శాతం దాకా కాల్షియం కలుపుతారు, అది గుడ్డు పెంకు కోసం. పుంజుకి ఒక్క శాతం చాలు. ఎక్కువైంది కిడ్నీల మీద పడుతుంది. పక్కింటాయనకి దండం పెట్టి సీసా వెనక్కి ఇచ్చెయ్.

ఇప్పుడు చేయాల్సింది: పుంజుని మంద నుంచి విడిగా అట్టపెట్టెలోనో గంప కిందో పెట్టు, అడుగున పాత గోనె పరుచు. ఒక వైపు మాత్రమే బల్బు వేలాడదీయి, వేడి ఎక్కువైతే రెండో వైపు జరగడానికి చోటుండాలి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతోనే, కలిపి పెట్టు. పక్కనే మామూలు నీళ్లు కూడా ఉంచు, ఉప్పు ఎక్కువైతే కోడి తట్టుకోలేదు. తర్వాత ఈ నాలుగూ చూసి రాయి: నోరు తెరిచి లోపల ఏముంది, మెడ కింద మేత సంచి ఎలా ఉంది, రొమ్ము ఎముక కత్తిలా తగులుతోందా, అరికాళ్లలో పుండు ఉందా. మేత సంచి మాత్రం రేపు పొద్దున్నే, ఏమీ పెట్టకముందు చూడు. రాత్రంతా అరిగి పొద్దుటికి అది ఖాళీ అయిపోవాలి.

ఖమ్మం కుర్రోడు:
థాంక్స్ అన్నా. పెట్టెలో పెట్టాను. నీళ్లు తనంతట తాను తాగడం లేదు. సిరంజితో పోయొచ్చా?

పెరటికోళ్ల పద్మక్క:
పోయొచ్చు బాబూ, కానీ జాగ్రత్త. చాలామంది పుంజు తల పైకెత్తి నోట్లో గబగబా పోసేస్తారు, అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోరు తెరిచి చూస్తే నాలుక మొదట్లో చిన్న చీలిక మూసుకుంటూ తెరుచుకుంటూ కనిపిస్తుంది, అదే గాలిగొట్టం. దాని మీద పడకూడదు. సూది తీసేసిన 5 మిల్లీలీటర్ల సిరంజి తీసుకుని, పుంజుని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని, ముక్కు పక్క నుంచి ఒక్కో చుక్కా వదులు. మింగాక ఇంకో చుక్క. మింగకపోతే ఆపెయ్. గురక శబ్దం వచ్చినా, తల విదిలించినా ఆగాలి. నూనెతో అయితే ఇంకా జాగ్రత్త, తప్పు దారిన పోయిందంటే ఊపిరి తీసేస్తుంది.

మీ నాయనమ్మగారి వెల్లుల్లి, పసుపు చెడ్డవేం కావు, నేనూ మేతలో కలుపుతాను, కాకపోతే బాగున్నప్పుడు, కొంచెం కొంచెంగా. మూలన పడిన కోడికి ఘాటైన ఉండ మింగిస్తే ఉన్న ఆకలి కూడా చస్తుంది.

ఖమ్మం కుర్రోడు:
పొద్దున్నే చూశాను. మేత సంచి ఖాళీగా లేదు! మెడ కింద, కొంచెం కుడి వైపుకి, గట్టిగా ముద్దలా ఉంది, నొక్కితే పిండిలా మెత్తగా లేదు, లోపల ఏదో పీచులా తగులుతోంది. నోటి నుంచి వాసన లేదు. రొమ్ము ఎముక తగులుతోంది, చిక్కిపోయింది. కాళ్లు బాగున్నాయి. తెల్ల పూత, పుండ్లు నోట్లో ఏమీ లేవు.

గోదారి గట్టు:
దొరికింది. మేత సంచి బిగుసుకుపోయింది తమ్ముడూ. లోపల ఏదో అడ్డం పడి మేత కిందికి దిగడం లేదు. నువ్వు పట్టించిన పసుపు ఉండలు కూడా అక్కడే ఉండి ఉంటాయి. పొడుగు గడ్డి, కొబ్బరి పీచు, గింజలు ఒకేసారి ఎక్కువ తినడం, ప్లాస్టిక్ దారాలు, ఇవే ఎక్కువగా కారణాలు. ఇంటి దగ్గర ఈమధ్య గడ్డి దించారా?

గింజలు, నూకలు, అన్నం అన్నీ బంద్. గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పట్టి, రెండు మూడు మిల్లీలీటర్ల కొబ్బరినూనె చుక్కచుక్కగా మింగించి, సంచిని వేళ్లతో కింద నుంచి మెల్లగా ఐదు నిమిషాలు పిసుకు, రోజుకి మూడు నాలుగు సార్లు. ముద్ద విడిపోతున్నట్టు తెలుస్తుంది. తలకిందులుగా పట్టుకుని వాంతి చేయించమని ఎవరైనా చెప్తారు, అది వినొద్దు, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిన కోళ్లు చాలా ఉన్నాయి. సంచి నీళ్ల బుడగలా మెత్తగా ఉండి నోటి నుంచి పులిసిన వాసన వస్తే అది వేరే కథ, లోపల పులిసి బూజు పెరిగినట్టు, దానికి నూనె, పిసకడం కాదు, డాక్టరు మందే. నీది అది కాదు.

బరి బాబాయ్:
సరే, నా లెక్క తప్పింది. మా ఊళ్లో ఇలాంటప్పుడు ఆముదం పోస్తారు.

గోదారి గట్టు:
ఆముదం వద్దు బాబాయ్ గారూ, అడ్డం అడ్డంగానే ఉండి విరేచనాలు పట్టుకుంటే ఉన్న నీరు కూడా పోతుంది.

ఖమ్మం కుర్రోడు:
అన్నా, గడ్డి కాదు గానీ, యూరియా సంచులు విప్పి దొడ్లో ఆరబెట్టాం. అవి చివర్ల నుంచి దారాల్లా ఊడిపోతాయి కదా. ఇప్పుడు నోరు తెరిచి టార్చి వేసి మళ్లీ చూస్తే నాలుక కింద తెల్లటి దారం ఒకటి చుట్టుకుని ఉంది! రెండో కొస గొంతులోకి పోయింది. లాగనా?

రిటైర్డ్ పశువైద్య సహాయకుడు:
లాగకు. లాగితే లోపల పేగు దాకా పోయిన దారం కోసుకుంటూ వస్తుంది. నాలుకకి బిగుసుకున్న చుట్టు కత్తెర మొనతో తెంపగలిగితే తెంపు, చేయి వణికితే అది కూడా వద్దు. నూనె, పిసకడం ఆపు. దారం ఉన్నప్పుడు పిసికితే ముద్ద ఇంకా చిక్కు పడుతుంది.

1962కి ఫోన్ చెయ్. సంచార పశు వైద్య వాహనాల నంబరు, ఆంధ్రలోనూ తెలంగాణలోనూ అదే. ఇవాళ బండి రాకపోయినా రేపు ఆసుపత్రికి తీసుకెళ్లు. మేత సంచి కోసి ముద్ద తీయడం చిన్న ఆపరేషనే, అక్కడ మత్తిచ్చి, తోలు ఒకసారి, సంచి ఒకసారి విడివిడిగా కోసి, విడివిడిగా కుడతారు. ఇంట్లో బ్లేడుతో చేసే ప్రయోగాలు వద్దు. అప్పటిదాకా చక్కెర ఉప్పు నీళ్లే, చుక్కచుక్కగా.

ఖమ్మం కుర్రోడు:
అప్‌డేట్. ఆసుపత్రికి తీసుకెళ్లాం, డాక్టరు గారు సంచి కోసి తీశారు. నిమ్మకాయంత ముద్ద, ఆ తెల్లదారాలన్నీ వడ్లతో, ఎండుగడ్డితో కలిసి పురి పెట్టినట్టు బిగుసుకుపోయి ఉన్నాయి, మధ్యలో పసుపు రంగు ఉండ కూడా అలాగే ఉంది. నాయనమ్మ దాన్ని చూసి నోరెత్తలేదు. కుట్లు వేసి, యాంటీబయాటిక్ రాసిచ్చారు. సాయంత్రం నుంచి కళ్లు తెరిచి చూస్తోంది. ఇప్పుడు మేత ఏం పెట్టాలి? విటమిన్ మళ్లీ మొదలెట్టొచ్చా?

రిటైర్డ్ పశువైద్య సహాయకుడు:
మంచి మాట. డాక్టరు గారు వేరేగా చెప్పి ఉంటే ఆయన మాటే వినాలి. సాధారణంగా మొదట పల్చటి రాగిజావ, ఉడికించిన గుడ్డు పచ్చసొన నీళ్లలో మెత్తగా కలిపి, కొంచెం కొంచెంగా రోజుకి చాలాసార్లు. సంచి నిండేలా పెట్టొద్దు, కుట్లు లాగుతాయి. మెత్తటి అన్నం తర్వాత, గింజలు కుట్లు మానాకే. యాంటీబయాటిక్ మధ్యలో మానొద్దు, పూర్తి కోర్సు వాడాలి. ఆ కోర్సు అయ్యాక కూడా మాంసానికి ఎన్నాళ్లు ఆగాలో డాక్టర్ని అడుగు.

విటమిన్ సంగతి. బి కాంప్లెక్స్ మంచిది, ఆకలి పెంచుతుంది, ఎక్కువైతే ఒంట్లోంచి బయటికి పోతుంది. ఏ, డీ అలా పోవు, ఒంట్లో పేరుకుంటాయి, అందుకే సీసా మీద రాసిన కొలత దాటొద్దు, రెండు కంపెనీల సీసాలు కలిపి వాడొద్దు. నీళ్లలో కలిపిన మందు మర్నాటికి పారబోసి కొత్తది కలపాలి. ఆకలి తిరిగొచ్చాక మునగాకు సన్నగా తరిగి కొంచెం పెట్టు, సగం టానిక్కుల పని అదే చేస్తుంది.

పెరటికోళ్ల పద్మక్క:
పెట్టల దగ్గరికి అప్పుడే వదలకు బాబూ, కుట్లు కనిపిస్తే పొడిచి పొడిచి పెద్దవి చేస్తాయి. దొడ్లో ఆ సంచులు అన్నీ ఏరి తీసెయ్. ఒక మట్టి మూకుడులో సన్నటి గులకరాళ్లు, ఇసుక పెట్టు, అవి ఉంటేనే గింజ నలుగుతుంది.

కొత్తగూడెం కోడిపిల్ల:
ఇదే చోట అడుగుతున్నా, ఏమనుకోకండి. మా పుంజుకి తురాయి మీద, కళ్ల చుట్టూ నల్లటి పొక్కులు వచ్చాయి. మా ఊళ్లో అమ్మవారు పోసిందంటున్నారు. తినడం తింటోంది.

గోదారి గట్టు:
కోళ్ల మశూచి అయి ఉంటుంది, దోమలు అంటిస్తాయి. వైరస్ కాబట్టి దానికి నేరుగా మందు లేదు, పొక్కులు ఎండి రాలిపోయే దాకా ఆగాలి. వాటిని గిల్లొద్దు. వేపాకు, పసుపు మెత్తగా నూరి పొక్కుల మీద పూయి, కంట్లో పడకుండా. ఇక్కడ ఇంటి వైద్యం బాగానే పనికొస్తుంది, పొక్కు మీద వేరే చీము పట్టకుండా కాపాడుతుంది. కళ్లు మూసుకుపోతే మేత కనపడక చిక్కిపోతుంది, చేత్తో పెట్టాలి. నోట్లో తెల్లపొర కట్టి ఊపిరి ఆడకపోతే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లండి. మిగతా మందకి రాత్రి దోమతెర కట్టండి, లేదా పొగ కొంచెం దూరంగా పెట్టండి, గూట్లో వద్దు.

రిటైర్డ్ పశువైద్య సహాయకుడు:
కొక్కెర టీకా గురించి కూడా అందరికీ ఒక మాట. కోడిపిల్లలకి మొదటి వారంలో లసోటా అనే టీకా చుక్క కంట్లోనో ముక్కులోనో, రెండు నెలలప్పుడు రెక్క కింద ఆర్2బి అనే టీకా అర మిల్లీలీటరు. మందు ఐసులో తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. రోగం వచ్చాక వేస్తే ఉపయోగం లేదు, జబ్బుగా ఉన్నవాటికి వేయకూడదు. ఊళ్లో ఒక్కసారిగా చాలా కోళ్లు చచ్చిపోతూ, తురాయి ఊదారంగుకి తిరుగుతుంటే కోసుకోవద్దు, చెరువులో పారేయొద్దు, వెంటనే 1962కి చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుందిగా.

ఖమ్మం కుర్రోడు:
టీకా మా పెట్టలకి వేయించలేదు, ఈ వారం అడుగుతా. పుంజు ఇందాక రాగిజావ తనంతట తానే ముక్కుతో తాగింది, గిన్నె తన్నేసింది కూడా. సంచులన్నీ కట్టగట్టి అటక మీద పెట్టేశాను. కుట్ల దగ్గర కొంచెం ఎర్రగా ఉంది, వాపు లేదు, ఇది మామూలేనా?

రిటైర్డ్ పశువైద్య సహాయకుడు:
మొదట్లో కొంచెం ఎరుపు మామూలే. వాపు పెరిగినా, మేత గానీ నీళ్లు గానీ కుట్ల దగ్గర కారినా ఆగకుండా తీసుకెళ్లు.