ఇంగ్లండ్ లైబ్రరీ కార్డుతో 1864 బందరు ఉప్పెన వార్తలు దొరుకుతాయా?

బందరు మాస్టారు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను మచిలీపట్నంలో ఫిజిక్సు చెప్పి రిటైరయినవాడిని. ప్రస్తుతం ఇంగ్లండ్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. ఊరు లండన్‌కు రైల్లో గంట దూరం. ఉగాదికి ముందే బందరు తిరుగు ప్రయాణం.

1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెన గురించి చిన్న పుస్తకం ఒకటి రాయాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. 30,000 మంది పోయారని మా ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. నీళ్ళు ఏ వేళకు వచ్చాయి, ఎంత దూరం లోపలికి వచ్చాయి, ఆ తరువాతి వారం ఊళ్ళో ఏం జరిగింది అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా కాగితం ముక్క లేదు. అన్నీ వాళ్ళ నాన్న చెప్పగా, వీళ్ళ తాత చెప్పగా విన్నవే.

మా అల్లుడు ఇక్కడి పబ్లిక్ లైబ్రరీలో నా పేరిట కార్డు తీయించాడు. కార్డుతోపాటు ఇచ్చిన కాగితంలో లండన్ టైమ్స్ పాత సంచికలు ఇంటి నుంచే చదువుకోవచ్చని ఉంది. కార్డు నంబరు, పిన్ను కొట్టి లోపలికి వెళ్ళాను. ఇండియా, సైక్లోన్, 1864 అని వెతికితే కుప్పతెప్పలుగా వచ్చాయి. అన్నీ కలకత్తావే! మా ఊరి ఊసే లేదు. అసలు బందరు వార్త వేశారా, లేక వెతకడానికి వేరే పద్ధతి ఏమైనా ఉందా? దీనికి తరువాత బిల్లు వస్తుందేమోనని మా ఆవిడ భయం. బందరు వెళ్ళాక కూడా ఈ కార్డు పనిచేస్తుందా? తెలిసినవారు చెప్పగలరు.

కౌంటర్ వెనక నుంచి

నమస్కారం మాస్టారూ. మాది గుడివాడ. ఇక్కడ ఒక కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) లైబ్రరీలో ఎంక్వైరీ కౌంటర్ దగ్గర పనిచేస్తున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నన్ను అడిగేవి రెండే: పార్సిల్ లేబుల్ ప్రింటు తీసిపెడతారా, టాయిలెట్ ఎటు. ఈ డేటాబేసులకు ఏటా చందా కడుతున్నాం, అడిగే నాథుడు లేడు. మీరు అడిగారు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు అమ్మగారి భయం తీరుద్దాం. బిల్లు రాదు. చందా కౌన్సిల్ కట్టేసింది. లైబ్రరీలో కాగితం మీద ప్రింటు తీస్తే పేజీకి ఇంతని తీసుకుంటారు, అంతే. పీడీఎఫ్ దించుకుంటే అదీ లేదు.

ఇక కలకత్తా సంగతి. 1864 అక్టోబరు 5న, అంటే బందరు ఉప్పెనకు దాదాపు నాలుగు వారాల ముందు, కలకత్తాను మహా తుపాను కొట్టింది. హుగ్లీలో ఓడలు పోయాయి. లండన్ వ్యాపారుల సొమ్ము, బీమా కంపెనీల సొమ్ము అక్కడ ఉంది. అందుకే పేజీలకు పేజీలు దాని మీదే. బందరు అప్పటికే వెనకపడిన రేవు. కాబట్టి సైక్లోన్ అన్న మాటతో వెతికినంత కాలం కలకత్తా మీ దారికి అడ్డం నిలబడుతుంది.

దీనికి మందు తేదీ. అప్పటికి లండన్‌కూ ఇండియాకూ మధ్య తంతి ఇంకా కలవలేదు. పర్షియన్ గల్ఫ్ మీదుగా ఆ లైను పనిచేయడం 1865 మొదట్లో. అంతకుముందు మద్రాసు వార్త ఏదైనా ఓడెక్కి సూయెజ్ దాకా రావాలి, అక్కడి నుంచి ముందుకు కదలాలి. దాదాపు నెల పట్టేది. అందుచేత నవంబరు మొదటి వారం సంచికలు తిరగేసి లాభం లేదు. తేదీల గడిలో 1864 నవంబరు 20 నుంచి 1865 మార్చి ఆఖరు దాకా పెట్టండి. టపా ఓడ వచ్చినప్పుడల్లా ఇండియా కబుర్లన్నీ ఒకచోట గుదిగుచ్చి వేసేవారు. బందరు ముక్క ఆ పొడుగాటి కాలమ్‌లో ఎక్కడో నాలుగు వరుసలుగా ఉండవచ్చు, దానికి సొంత శీర్షిక ఉండాలని ఏమీ లేదు.

ఊరి పేరు అప్పటి ఇంగ్లీషు పద్ధతిలో మసూలిపటం అని కొట్టండి. అది కూడా పూర్తిగా వద్దు. మనం వెతికేది అచ్చయిన అక్షరాలను కాదు, ఆ అచ్చును యంత్రం ఎలా చదువుకుందో దాన్ని. సిరా అలుక్కున్నచోట అది తన ఇష్టం వచ్చినట్టు చదువుతుంది. పైగా పత్రిక కాలమ్ సన్నగా ఉంటుంది కదా, ఇంత పొడుగు పేరు వరుస చివర రెండుగా విరిగిపోతుంది. అందుకని మొదటి ఐదారు అక్షరాలు కొట్టి నక్షత్రం గుర్తు పెట్టండి. అలా రాకపోతే ఊరి పేరు వదిలేసి మద్రాస్, వేవ్ అనే రెండు మాటలూ ఒకే వార్తలో ఉన్నవి అడగండి. కృష్ణను అప్పట్లో కిస్ట్నా అని రాసేవారు, అదీ ప్రయత్నించండి. ఇవేవీ ఫలించకపోతే డిసెంబరు సంచికలు ఒక్కొక్కటే తెరిచి కళ్ళతో చూడడమే. నెల రోజుల పత్రిక రెండు సాయంత్రాల పని, భయపడేంత ఏమీ కాదు.

టైమ్స్‌తో ఆగకండి. ఇంటి నుంచి తెరుచుకునేవి కొన్ని, లైబ్రరీ భవనంలో కూర్చుంటేనే తెరుచుకునేవి కొన్ని. పాత బ్రిటిష్ పత్రికల స్కాన్లు ఉండే బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్ సైటు చాలా చోట్ల ఈ రెండో రకం. అయితే దానిలో వెతకడం ఎవరికైనా, ఎక్కడి నుంచైనా ఉచితమే, పేజీ తెరవడానికే చందా. ఇంట్లో టీ తాగుతూ వెతికి, పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు ఒక కాగితం మీద రాసుకోండి. ఆ జాబితాతో లైబ్రరీకి వెళ్ళి వరసగా తెరిచి దించుకోండి. కంప్యూటర్ ముందు ఇచ్చే గంటలో వెతుకులాట పెట్టుకుంటే గంట చాలదు. అందులో హోమ్‌వర్డ్ మెయిల్ అనే పత్రికను ప్రత్యేకంగా చూడండి. ఇండియా కబుర్ల కోసమే లండన్‌లో వేసేవారు. టైమ్స్ నాలుగు వరుసల్లో ముగించింది ఇందులో నాలుగు పేరాలు ఉండే అవకాశం ఉంది.

మరొకటి. నోబుల్ దొర బడి పెట్టిన ఊరు మీది. చర్చి మిషనరీ సొసైటీ వాళ్ళు అప్పుడు బందరులో ఉన్నారు. ఉత్తరాలు రాయడంలో మిషనరీలను మించినవాళ్ళు లేరు. ఆ సంస్థ పత్రికల 1865 సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, గూగుల్ బుక్స్‌లో వెతకండి, వాటికి ఏ కార్డూ అక్కర్లేదు. అసలు ఉత్తరాల దస్త్రాలు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోని క్యాడ్‌బరీ రిసెర్చ్ లైబ్రరీలో ఉన్నాయి.

కార్డు బందరులో పనిచేస్తుందా అంటే, సభ్యత్వం మీరు ఇచ్చిన ఇక్కడి చిరునామా మీద నడుస్తుంది. గడువు తీరేదాకా తెరుచుకున్నా దాన్ని నమ్ముకోవద్దు. కావలసినవన్నీ ఇక్కడ ఉండగానే దించుకోండి. ప్రతి ఫైలు పేరులో పత్రిక, తేదీ, పేజీ అప్పటికప్పుడే రాసేయండి. డౌన్‌లోడ్ 17, డౌన్‌లోడ్ 18 అని ఉన్న ఫైళ్ళను బందరులో తెరిచి చూసుకోవడం ఎంత నరకమో చెప్పనక్కర్లేదు.

విశ్రాంత గ్రంథపాలకుడు

గుడివాడ అమ్మాయి చెప్పినది చదివి సంతోషించాను, కొంచెం కడుపు మండింది కూడా. మన దగ్గర ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. నేను పనిచేసిన ఏ శాఖలోనూ ఇలాంటి ఒక్క డేటాబేసుకైనా చందా లేదు. పోటీ పరీక్షల పుస్తకాలకే డబ్బు చాలదు, అది వేరే కథ. 2025 జనవరి నుంచి వచ్చిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కూడా ప్రభుత్వ కాలేజీలకు, పరిశోధన సంస్థలకు మాత్రమే. వీధిలో లైబ్రరీకి వచ్చే పాఠకుడు అందులో లేడు. అందులో ఉన్నవి పరిశోధన పత్రికలు కాబట్టి మాస్టారి ఉప్పెనకు అది ఎలాగూ పనికిరాదనుకోండి.

ఉచితంగా దొరికేది ఒకటి చెబుతాను. గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్, 1883లో మద్రాసులో అచ్చయింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంది. ముందు అది చదవండి, తరువాత పత్రికల్లోకి దిగండి. ఏ పేర్లు వెతకాలో దానిలోనే దొరుకుతాయి.

తెలుగు పుస్తకాలకు ఒక హెచ్చరిక. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు మూతపడ్డాక ఆ స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్ళు ఎక్కించారు. ఒకచోట రచయిత పేరు ఉండాల్సిన గడిలో ప్రెస్సు పేరు కూడా చూశాను. తెలుగు లిపిలో వెతికి దొరకలేదని వదిలేయకండి. ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు రకాలుగా కొట్టి చూడండి. ఒక మాట మాత్రం ముందే చెప్పాలి: 1864లో బందరులో కృష్ణా పత్రిక లేదు, అది 1902లో పుట్టింది. ఉప్పెన నాటి తెలుగు దినపత్రిక దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

గోదారి వికీ

మాస్టారూ, బందరు వెళ్ళాక పనికొచ్చే దారి ఒకటి. వికీపీడియాలో ఖాతా తెరిచి ఆరు నెలలు నిండి, 500 దిద్దుబాట్లు చేసి, గడిచిన నెలలో కనీసం 10 చేసి ఉంటే వికీపీడియా లైబ్రరీ తెరుచుకుంటుంది. జేస్టోర్, ప్రోక్వెస్ట్ లాంటి చందా డేటాబేసులు ఇంట్లో కూర్చుని చదవొచ్చు. వికీ వ్యాసాలు రాయడానికే ఇస్తారు కాబట్టి, తెలుగు వికీలో బందరు ఉప్పెన మీద మీరే రాసిపెట్టండి. అటు పుణ్యం, ఇటు పురుషార్థం.

బందరు మాస్టారు

అందరికీ ధన్యవాదాలు. తేదీలు మార్చగానే కలకత్తా చాలావరకు తప్పుకుంది. మెకంజీ మాన్యువల్ కూడా దించుకున్నాను. ఇప్పుడు నన్ను పీడిస్తున్నది ఆ 30,000 లెక్క. 1911 నాటి బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలోనూ అదే అంకె. లెక్కపెట్టినవారు ఎవరు, ఎలా లెక్కపెట్టారు? ఊళ్ళో శవాలు లెక్కించారా, చుట్టుపక్కల పల్లెలు కలిపారా? ఫిజిక్సువాడిని, కొలత ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా అంకె రాయడానికి చెయ్యి రాదు.

కౌంటర్ వెనక నుంచి

అది పత్రికల్లో తేలే సంగతి కాదు మాస్టారూ. కలెక్టరు మద్రాసుకు రాసిన నివేదికల్లో ఉండాలి. ఒక ప్రతి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకవచ్చు. మీకు దగ్గర దారి లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ, అక్కడ ఇండియా ఆఫీసు (లండన్ నుంచి ఇండియా పాలన చూసిన శాఖ) దస్త్రాలు ఉన్నాయి. మద్రాసు ప్రభుత్వ ప్రొసీడింగ్స్, 1864 నవంబరు నుంచి 1865 మధ్య దాకా అడగండి. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగాక వాళ్ళ కేటలాగు, ఇతర సేవలు బాగా దెబ్బతిన్నాయి. అందుకని ఊరికే రైలెక్కకుండా ముందు మెయిల్ రాసి, ఏ సంపుటాలు చూపించగలరో కనుక్కుని వెళ్ళండి. రీడర్ పాస్ ఉచితం. పాస్‌పోర్టు, చిరునామా రుజువు పట్టుకెళ్ళండి. పెన్ను లోపలికి రానివ్వరు, రెండు పెన్సిళ్ళు చెక్కి పెట్టుకోండి.